మత్తడి లేని చెరువు

"బిడ్డా, దీని మత్తడి ఎటు ఉంది?"

ఆల్ప్స్ పర్వతాల్లో 1,578 మీటర్ల ఎత్తున ఉండే ఓషినెన్ సరస్సును మొదటిసారి చూసి మా అమ్మ అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ నీళ్ల రంగు చూసి అమ్మ ఏమంటుందో, ఆమె ముఖం ఎలా మారుతుందో అని నేను మూడు వారాలుగా ఊహించుకుంటున్నాను. కెమెరా కూడా ఆమె వైపే తిప్పి పట్టుకున్నాను. ఆమె మాత్రం కొంగు నడుముకు దోపుకుని, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, నాలుగు దిక్కులూ కలయజూసి ఆ ప్రశ్న వేసింది.

చెరువు నిండాక మిగిలిన నీరు పొర్లిపోవడానికి కట్టకు ఒక చివర రాతితో కట్టే దారి మత్తడి. కొన్ని వైపుల అలుగు అంటారు. ఇంత చెప్పగలిగినదాన్ని, అసలు సమాధానం చెప్పలేకపోయాను. "అటు పక్క ఎక్కడో ఉంటుందిలే అమ్మా" అన్నాను. చిన్నప్పుడు లెక్కల పరీక్ష పేపరు దాచినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

అది 2013. కంపెనీ నన్ను రెండేళ్ల పనికి స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు పంపింది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో, ఉప్పల్ వైపు ఒక కాలనీలో ఉండేవారు. ఇద్దరికీ టిక్కెట్లు తీస్తానంటే నాన్న విమానం ఎక్కనని మొండికేశారు. ఇంటికి కాపలా ఎవరుంటారని సాకు చెప్పారు. ఆ ఇంట్లో దొంగలు పట్టుకుపోదగినవి నాన్న దగ్గరి పాత గెజిట్లు, పంచాంగాలు తప్ప ఏమీ లేవు. చివరికి అమ్మ ఒక్కతే వచ్చింది, 61 ఏళ్ల వయసులో, తొలి విమాన ప్రయాణం. సూట్‌కేసు తెరిస్తే బట్టలు నాలుగు. మిగతాదంతా సకినాలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి, బియ్యప్పిండి. సర్వపిండి చేయడానికని అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె ఒకటి.

బెర్న్ ఆమెకు వారంలోనే విసుగొచ్చింది. ఊరు శుభ్రంగా ఉందని ఒప్పుకుంది కానీ సాయంత్రం ఏడు దాటితే వీధిలో మనిషి కనబడడని ఫిర్యాదు. "అందరూ ఎటు పోయారు? ఎవరైనా చనిపోయారా?" అని ఒకరోజు నిజంగానే అడిగింది. అందుకే మూడు రోజులు కొండల్లో తిప్పుదామని కాండర్‌స్టెగ్ అనే పల్లెలో గది తీసుకున్నాను. ఆగస్టు 1 వాళ్ల జాతీయ దినం, ఆ ఏడు గురువారం వచ్చింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు.

రైలు ఎక్కిన దగ్గర్నుంచి నాన్న ఫోన్లు. అంతకు రెండు రోజుల ముందే, జూలై 30న, ఢిల్లీలో తెలంగాణ నిర్ణయం ప్రకటించారు. ఆ వారం హైదరాబాద్‌లో ఎవరికి ఫోను చేసినా అదే మాట. నాన్న టీవీలో వస్తున్నది వస్తున్నట్టు ఫోనులో చదివి వినిపిస్తుంటే, అమ్మ కిటికీలోంచి థూన్ సరస్సును చూస్తూ "ఊ, ఊ" అంటోంది. స్పీట్స్ దాటాక రైలు కొండ ఎక్కసాగింది. సిగ్నల్ పోయింది. నాన్న గొంతు మధ్యలో తెగిపోయింది.

కాండర్‌స్టెగ్ స్టేషను దాటితే రైలు నేరుగా కొండ కడుపులోకి వెళ్లిపోతుంది. లోచ్‌బెర్గ్ సొరంగం, 14.6 కిలోమీటర్లు, 1913లో మొదలైంది. దాని కథను దారిలో చదివి అమ్మకు చెప్పాను. 1908 జూలై 24న కాండర్ నది కింద తవ్వుతుండగా, పైన రాయి ఉందనుకున్న చోట నీళ్లతో నానిన ఇసుక, కంకర ఉన్నాయి. అవి ఒక్కసారిగా విరుచుకుపడి 25 మంది కూలీలు లోపలే సమాధి అయ్యారు. తర్వాత ఆ చోటును వదిలేసి సొరంగాన్ని వంపు తిప్పి తవ్వుకుంటూ పోయారు.

"1908 అంటే మన దగ్గర మూసీ వచ్చిన ఏడే కదా" అంది అమ్మ.

నిజమే. అక్కడ ఇది జరిగిన రెండు నెలలకే, సెప్టెంబరు 28న, మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ల గురించి మా ఇంట్లో అందరూ చెప్పేవారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం. అమ్మకు పాలకుల పేర్లు గుర్తుండవు. ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఏ వాగు ఎప్పుడు వచ్చింది అన్నవి మాత్రం పెళ్లి తేదీల్లా గుర్తుంటాయి.

దానికి కారణం ఉంది. ఆమె పుట్టిన ఊరు నర్సంపేట దగ్గర. మా తాత ఆ ఊరికి నీరటి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడటం ఆయన పని. కోతలయ్యాక కళ్లం దగ్గర రైతులు ఇంత అని ధాన్యం కొలిచి ఇచ్చేవారు. వానాకాలం రాత్రుళ్లు గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని మత్తడి దగ్గర కూర్చునేవాడట. నీటి చప్పుడు మారితే ఆయనకు మెలకువ వచ్చేదట. "మత్తడి దూకుతోంది" అని ఆయన కేకేస్తే ఊరు ఊరంతా కట్ట మీదికి పరిగెత్తేది, సగం మంది సంబరంతో, సగం మంది భయంతో. అమ్మ ఆ సంబరంలో పెరిగింది. ఏ చెరువును చూసినా ముందు కట్ట ఎక్కడ, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని చూస్తుంది. పెళ్లయి హైదరాబాద్ వచ్చిన కొత్తలో నాన్న ట్యాంక్‌బండ్ మీదికి షికారుకు తీసుకెళ్తే హుస్సేన్ సాగర్‌ను కూడా ఇలాగే అడిగిందట. నాన్న ఆ మాట చెప్పి ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

కేబుల్ పెట్టెలో పైకి ఎక్కి, అక్కడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే సరస్సు. నీళ్ల రంగు చూసి నా మాట ఆగిపోయింది. నెమలికంఠం రంగు పోచంపల్లి చీర ఉంటుంది చూడండి, ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనబడేది, సరిగ్గా అది. పైనున్న హిమానీనదాలు రాతిని రుబ్బి పిండి చేస్తాయి. ఆ పిండి కరిగిన మంచుతో వచ్చి నీళ్లలో తేలుతూ ఉండటం వల్లే ఆ రంగు. ఎదురుగా దక్షిణాన డోల్డెన్‌హార్న్, ఫ్రూండెన్‌హార్న్ నిటారుగా లేచి ఉంటాయి. తూర్పున బ్లూమ్లిసాల్ప్, నెత్తిన మంచు. సన్నని తెల్లటి పాయలు గోడల మీద నుంచి జారుతుంటాయి. వాటి చప్పుడు ఇటు ఒడ్డుకు వినబడేసరికి గుసగుసగా మారుతుంది.

అమ్మ రంగు చూడలేదని అనను. చూసింది. కానీ మత్తడి దొరికేదాకా ఆమెకు మనసు నిలవలేదు. పడమటి ఒడ్డున, పడవలు అద్దెకిచ్చే చోటి నుంచి, చెట్ల మధ్య పెద్ద పెద్ద బండలు పడి ఉన్న వైపు నడిచింది. "ఇదే కట్ట" అంది. అది కట్టలా ఏమీ లేదు. మట్టి, బండరాళ్లు, వాటి మీద దేవదారు జాతి చెట్లు, ఆ మధ్యలో మనుషులు వేసుకున్న దారి. అయినా కట్టే అంది. అటు చివరికీ ఇటు చివరికీ తిరిగాం. నీరు బయటికి పోయే చోటు కనబడలేదు. మంచు కరిగే రోజులు, నాలుగు వైపుల నుంచి నీరు దిగుతోంది. అయినా చెరువు పొర్లడం లేదు.

"వచ్చే నీరు కళ్ల ముందు కనబడుతోంది. పోయే నీరు ఏది?"

నా దగ్గర జవాబు లేదని ఆమెకు అప్పటికే అర్థమైంది. చేతిసంచిలోంచి చిన్న డబ్బా తీసింది. పసుపు, కుంకుమ. బూట్లు విప్పి, ఒక బండ ముందు వంగి, వేలితో పసుపు రాసి నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. కట్ట ఉన్నచోట దాన్ని కాచే దేవత కట్టమైసమ్మ ఉంటుంది, అంతే. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉన్నట్టు, వాళ్ల ఊరి కట్ట మీద ఉన్నట్టు. నేను మాత్రం ఎవరైనా చూసి జరిమానా వేస్తారేమోనని దొంగలా చుట్టూ చూస్తున్నాను. ఒక చిన్న పిల్లవాడు ఆగి చూశాడు. వాళ్లమ్మ వచ్చి, మా అమ్మ వైపు చూసి తల వంచి నవ్వి, వాణ్ని తీసుకెళ్లింది. అమ్మ బూట్లు వేసుకుంటూ, "ఇక భయం లేదు" అంది. ఎవరికి భయం లేదో చెప్పలేదు.

ఆ రాత్రి కొండల మీద అక్కడక్కడ మంటలు వేశారు. జాతీయ దినం నాడు అలా వేయడం వాళ్ల ఆచారం. మేం కిటికీ దగ్గర కూర్చుని, రైస్ కుక్కర్‌లో వండిన అన్నంలో తొక్కు కలుపుకుని తిన్నాం.

మర్నాడు అసలు నడక. కేబుల్ పెట్టె దిగిన చోటి నుంచి హోయ్‌బెర్గ్ అనే ఎత్తుకు ఎక్కి, సరస్సుకు ఉత్తరాన కొండ నడుము మీదుగా తూర్పుకు వెళ్లి, ఓబర్‌బెర్గ్లి అనే పశువుల కొట్టం దగ్గర నుంచి కిందికి దిగి, ఒడ్డు వెంట వెనక్కి రావాలి. ముందే ప్రింటు తీసి పెట్టుకున్నాను. అమ్మకు మ్యాపుతో పని లేదు. దారిలో పసుపు పలకలు ఉంటాయి. వాటి మీద కిలోమీటర్లు రాయరు, ఎంతసేపు నడవాలో రాస్తారు. అది ఆమెకు బాగా నచ్చింది. "మా నాయన కూడా అంతే. ఎంత దూరం అంటే, చుట్ట కాల్చేంత అనేవాడు." రాళ్ల మీద తెలుపు, ఎరుపు, తెలుపు పట్టెలు గీసి ఉంటాయి, కొండదారి గుర్తుగా. మన గుళ్ల గోడలకు సున్నం, జాజు పట్టెలు వేసినట్టే ఉన్నాయని ప్రతి రాయినీ ఒకసారి తాకుతూ నడిచింది.

చీర కాస్త పైకి కట్టి, నా పాత బూట్లు వేసుకుని, పైన నా వానకోటు తొడుక్కుని మా అమ్మ ముందు నడుస్తోంది. జిమ్‌కు నెలనెలా డబ్బు కట్టే నేను వెనుక రొప్పుతున్నాను. మొదటి అరగంట నిట్టనిలువు. "ఆగుదామా?" అని నేను అడిగిన ప్రతిసారీ "నీకు కష్టంగా ఉందా?" అనేది. ఆ మాటలో ఎగతాళి లేదు. అదే ఇంకా బాధ.

చెట్లు అయిపోయాయి. దారి ఒక్కసారిగా బయటికి వచ్చింది. హోయ్‌బెర్గ్ 1,940 మీటర్లు. అంటే సరస్సు సరిగ్గా కాళ్ల కింద, 360 మీటర్ల లోతున ఉంది. గోల్కొండ బాలాహిస్సార్ కొండను మూడింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాని అంచున నిలబడినట్టు. పడవలు నువ్వుగింజల్లా కనబడుతున్నాయి. నాకు మోకాళ్లు వణికాయి. కొండ వైపు గడ్డిని పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఇంకో రెండడుగులు ముందుకు వేసి, ఎంత శిఖం, అంటే చెరువు నీరు పరుచుకునే నేల, ఉంటుందో అంచనా కట్టడం మొదలుపెట్టింది. ఫోనులో చూసి 1.1 చదరపు కిలోమీటర్లని చెప్పాను. అలా చెబితే ఆమెకు ఎక్కదు. ఎకరాల్లోకి మార్చి 270 అన్నాను. "మంచి చెరువే" అంది. లోతు 56 మీటర్లని చెప్పేసరికి మాత్రం వెనక్కి తిరిగి నన్ను చూసింది. హుస్సేన్ సాగర్ లోతుకు అయిదు రెట్లు మించి. "అంత లోతైన చెరువు కింద ఆయకట్టు లేదా? ఒక్క మడి కూడా లేదా?" లేదు. నీరంతా ఊరికే ఉందా అని ఆమెకు చాలాసేపు మనసు కుదుటపడలేదు.

ఇంకో సంగతి ఆమె కనిపెట్టింది. పడమర నుంచి ఉత్తరం మీదుగా తూర్పుకు పోతున్నాం, నీరు కుడిచేతి వైపు ఉంది. "ప్రదక్షిణంగానే పోతున్నాం. చుట్టూ తిరిగి వద్దాం." అది కుదరదని చెప్పాను. దక్షిణాన గోడలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి, మనిషి నడిచే దారి లేదు. ఎక్కడిదాకా వెళ్తే అక్కడి నుంచి ఇటే వెనక్కి రావాలి. "సగం ప్రదక్షిణం చేసి వెనక్కి తిరగడమేమిటి, దిష్టి తీసినట్టు" అని గొణుక్కుంది. ఆ తర్వాత చాలా దూరం మాట్లాడలేదు.

పచ్చిక నిండా పూలు. పసుపువి, ఊదావి, తెల్లవి, పేర్లు నాకు తెలియవు. అమ్మ చెయ్యి చాచింది. వీటిలో కొన్నింటిని కోయకూడదని చట్టం ఉందని ఆపాను. "ఇన్ని పూలు పెట్టుకుని, ఇంత చెరువు పెట్టుకుని, బతుకమ్మ లేకుండా ఎలా ఉంటున్నారో" అని వాళ్ల మీద జాలిపడింది.

ఓబర్‌బెర్గ్లి చేరేసరికి మధ్యాహ్నం. మెడలో కుంచాలంత గంటలు కట్టుకుని ఆవులు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు లోయంతా నిండిపోయి ఎటు నుంచి వస్తోందో తెలియదు. అమ్మ ముందు పొదుగులు చూసింది, తర్వాత డెక్కలు చూసింది. రోజుకు ఎన్ని పాలు ఇస్తాయో అడగమంది. కొట్టం బయట బల్లలు వేసి పాలు, జున్నుగడ్డ, రొట్టె అమ్ముతున్నారు. గ్లాసెడు పాలు తాగి తలూపింది. చీజ్ ముక్క నోట్లో పెట్టుకుని, "జున్ను అన్నావు కదా, ఇదేమిటి చెప్పు తోలులా ఉంది" అని నా పళ్లెంలోకి తోసేసి, సంచిలోంచి సకినాలు తీసింది.

అదే బల్ల మీద అటు చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. సకినం చూసి ఇదేమిటని అడిగాడు. అమ్మ ఒకటి చేతిలో పెట్టింది. కొరికాక ఆయన ముఖం వెలిగిపోయింది. బడి పంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నానని వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. అమ్మ మోచేత్తో పొడిచి, "అడుగు" అంది. ఏమి అడగాలో చెప్పనక్కర్లేదు.

ప్రశ్న విని ఆయన ఒక నిమిషం మా అమ్మనే చూశాడు. తర్వాత రొట్టె ముద్దను దగ్గరికి లాక్కుని, కత్తితో దాన్ని నిటారుగా నిలబెట్టాడు. కొండ. దాని పక్కన గుమ్మడికాయ చీలికలాగా ఒక పళ్లెం వంచి పెట్టాడు. లోయ. అప్పుడు రొట్టె అంచును పిడికిలితో గుద్దాడు. పెద్ద పెచ్చు ఊడి, పొడి పొడిగా లోయకు అడ్డంగా పడింది. గ్లాసులో నీళ్లు తీసుకుని పళ్లెంలోకి మెల్లగా వంచాడు. నీళ్లు రొట్టె ముక్కల దగ్గర ఆగి, చిన్న చెరువు కట్టాయి. అమ్మ బల్ల మీదికి వంగి చూస్తోంది. కాసేపటికి రొట్టె పొడి కింద నుంచి తడి పాకి, బల్ల అంచుకు చేరి, బొట్టు బొట్టుగా ఆమె చీర మీద పడింది. ఉలిక్కిపడి లేచి, చీర దులుపుకుంటూ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఇద్దరికీ నా అనువాదం అవసరం పడలేదు.

కొండ విరిగిపడి లోయకు అడ్డం పడింది. అదే కట్ట. కట్టినవాడు లేడు కాబట్టి తూము పెట్టలేదు, మత్తడి పెట్టలేదు. నీరు ఆ బండల సందుల్లోంచి భూమి కిందుగా దారి చేసుకుని పోతుంది. శీతకాలం చివరికి మట్టం బాగా పడిపోతుందని, మంచు కరిగితే మళ్లీ లేస్తుందని చెప్పాడు. ఇదంతా అమ్మ విని, "కట్టినవాడు లేకపోతే కాచేవాడు కూడా ఉండడు. కొండ ఇంకోసారి విరిగితే?" అని అడగమంది. ఆయన నవ్వు తగ్గింది. చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. విడిపోయేటప్పుడు నాలుగు సకినాలు కాగితంలో చుట్టి ఇస్తే కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు, విరగకుండా.

దిగుడు దారి నా మోకాళ్లకు చేసింది చెప్పను. ఒడ్డుకు వచ్చాక నీరు ఎడమచేతి వైపుకు మారింది. అమ్మ ఆ సంగతి పట్టించుకోనట్టు నడిచింది కానీ, పడమటి బండల దగ్గర ఆగి, తాను బొట్టు పెట్టిన రాయిని వెతికి చూసుకుంది. కుంకుమ చెదరలేదు.

సాయంత్రం గదిలో కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుని ఆ సరస్సు గురించి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. భూమి కింద నుంచి బయటపడే ఆ నీటితోనే కొంత కరెంటు తీస్తారు, ఊరికి తాగునీరూ అదే. అమ్మ అప్పుడే కుళాయి కింద చెంబు పెట్టి నీళ్లు పట్టుకుంటోంది.

"అమ్మా, నువ్వు అడిగిన తూము దొరికింది" అన్నాను.

"ఎక్కడ?"

కుళాయి చూపించాను. నమ్మడానికి కాస్త సమయం పట్టింది. నిన్నటి నుంచి తాగుతున్నదీ, అన్నం వండుకున్నదీ ఆ నీళ్లేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత కుళాయి సగం తిప్పి, సన్నగా పారనిచ్చి, చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. మళ్లీ గట్టిగా కట్టేసింది. ఆ కట్టేయడం నీరటి బిడ్డ కట్టేసినట్టే ఉంది. మన దుర్గం చెరువు నీళ్లు కూడా ఒకప్పుడు గోల్కొండ కోటకు ఇలాగే వెళ్లేవని, ఇప్పుడు దాని చుట్టూ ఆఫీసులే ఉన్నాయని నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. నాన్నకు ఫోను కలపమంది. తెలంగాణ వార్తలు చెప్పబోతున్న ఆయనను ఆపి మరీ, ఈ కుళాయి కథంతా చెప్పింది.

మూడో రోజు ముసురు. పొద్దున బ్లౌజే అనే చిన్న నీలం చెరువుకు వెళ్లాం. లోపలికి టిక్కెట్టు ఉందని తెలిసి, "చెరువు చూడటానికి పైసలా?" అని అమ్మ గేటు దగ్గరే అలిగింది. చూసి వచ్చాం, బాగానే ఉంది. మధ్యాహ్నం వాన తగ్గాక సరస్సు వైపు నుంచి ఊరికి వచ్చే వాగు వెంట ఎగువకు నడిచాం. కట్ట కింద నుంచి నీరు పుట్టే చోటు చూడాలని ఆమె పట్టు. అక్కడిదాకా పోలేకపోయాం. వాన మళ్లీ వచ్చింది, నా మోకాలు మొరాయించింది. ఒక వంపు దగ్గర ఆగి, అమ్మ వంగి నీళ్లలో చెయ్యి ముంచింది. చల్లదనానికి వెంటనే తీసేసి, ఆ తడిచేతిని నా బుగ్గకు ఆనించింది.

అయిదు వారాల తర్వాత ఆమె హైదరాబాద్ వెళ్లిపోయింది. మరుసటి ఏడు నేనూ వచ్చేశాను. కాలనీలో వాళ్లకు స్విట్జర్లాండ్ గురించి ఏమి చెప్పిందో విన్నాను. మంచు కొండలు లేవు, చాక్లెట్లు లేవు. "అక్కడ మత్తడి లేని చెరువు ఒకటి ఉంది" అని మొదలుపెట్టి, పూరీ మీద కూరతో కొండ విరిగిపడటం చేసి చూపించేదట.

2020 అక్టోబరు 13 రాత్రి వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. కార్లు తేలాయి. అందరూ మెట్ల మీద చేరి ఎవరికో ఒకరికి ఫోన్లు చేస్తున్నారు. అమ్మ టార్చి పట్టుకుని మొదటి అంతస్తు దాకా దిగి వచ్చి, "ఈ చెరువు మత్తడి ఎటు ఉండేది?" అంది. చెరువేమిటి అన్నట్టు అందరూ చూశారు. పదిహేనేళ్లుగా ఉంటున్నాం, అది చెరువు శిఖం అని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. వెనక వీధిలో ఉండే ముసలి మేస్త్రి ఒకాయన మాత్రం చీకట్లోకి వేలు చూపించాడు. ఇప్పుడు అక్కడ ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఆ రాత్రి నీరు సరిగ్గా దాని గోడను ఆనుకునే ఆగి ఉంది. నాన్న ఆ తర్వాత హుస్సేన్ సాగర్ కథ చెప్పి నవ్వడం మానేశారు.

అమ్మకు ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. ఆ పెద్దాయనను అడిగిన ప్రశ్న ఉత్తదేం కాదని ఈమధ్య తెలిసింది. సరస్సు మీదుగా ఉన్న స్పిట్జ్ స్టై అనే శిఖరం కొన్నేళ్లుగా కదులుతోంది. లోపలి గడ్డకట్టిన నేల వేడికి పట్టు వదులుతోందట. రెండు కోట్ల ఘనపు మీటర్ల దాకా రాయి కిందికి రావచ్చని లెక్కకట్టి, 2018 నుంచి పరికరాలు పెట్టి గమనిస్తున్నారు, కొన్ని దారులు మూసేశారు. ఇది చదివి వినిపిస్తే, "కాచేవాళ్లను పెట్టుకున్నారన్నమాట. మంచిదే" అంది.

మొన్న ఆదివారం ఫోనులో ఆ సరస్సు ఉపగ్రహ చిత్రం తీసి ఆమె చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చాలాసేపు చూసింది. పడవలుండే చోటు గుర్తుపట్టింది. అక్కడ చూపుడు వేలు ఆనించి, ఒడ్డు వెంట మెల్లగా జరపడం మొదలుపెట్టింది. హోయ్‌బెర్గ్ కింద నుంచి, ఆవుల కొట్టం కింద నుంచి, తూర్పు మలుపు తిరిగి, దక్షిణపు గోడల దగ్గరికి వచ్చి వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నీటి అంచునే పట్టుకుని జరిగి, మళ్లీ పడవల దగ్గరికి చేరింది.

"అయింది" అని ఫోను నా చేతిలో పెట్టి, బియ్యం కడగడానికి లేచింది.